పని ఎవరిది, ఎప్పటికి, ఎవరి చేతికి: ప్రాజెక్టు పనుల విభజనకు సమగ్ర మార్గదర్శి

ప్రాజెక్టు తొలి సమావేశం ఎప్పుడూ బాగానే జరుగుతుంది. అందరూ తల ఊపుతారు, ఎవరో ఒకరు పనుల జాబితా రాసుకుంటారు, ఇక మొదలుపెడదామని లేస్తారు. కొన్ని వారాలు గడిచాక చూస్తే ప్రతి ఒక్కరూ ఏదో ఒక పనిలో తలమునకలై ఉంటారు, ప్రాజెక్టు మాత్రం అడుగు ముందుకు వేయదు. ఒకరు తమ వంతు ముగించి చేతులు దులుపుకున్నారు. దాని కోసం కాచుకున్న మనిషికి ఆ కబురే అందలేదు. మూడో మనిషి చేస్తారనుకున్న పని తనదని ఆ మూడో మనిషికి తెలియదు.

బద్ధకం వల్ల ఆగిపోయే ప్రాజెక్టులు తక్కువ. పని ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే చోటే ఎక్కువగా తెగుతుంది. ప్రణాళిక వేసేటప్పుడు మనం పనుల మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా ఈ అప్పగింతల మీద పెట్టం. ఈ మార్గదర్శిలో జాబితా, అంచనా, క్యాలెండరు అన్నీ ఉంటాయి కానీ, వాటన్నిటినీ అప్పగింత అనే కోణం నుంచే చూద్దాం.

చెప్పేది గాలిలో ఉండకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఒక సంస్థ తన వార్షికోత్సవానికి 64 పేజీల ప్రత్యేక సంచిక తేవాలనుకుంది. బృందంలో ఐదుగురు: సమన్వయకర్త, సంపాదకురాలు, ఫొటోల బాధ్యుడు, పేజీలు కూర్చే డిజైనర్, ముద్రణ వ్యవహారాలు చూసే మనిషి. సాఫ్ట్‌వేర్ అయినా, ప్రదర్శన అయినా, కార్యాలయం మార్చడమైనా పద్ధతి ఇదే.

1. ముందు ఫలితం రాయండి, తర్వాతే పనులు

"మంచి సంచిక తేవాలి" అనేది కోరిక. "64 పేజీల సంచిక 500 ప్రతులు అచ్చయి, వార్షికోత్సవానికి 3 రోజుల ముందు కార్యాలయానికి చేరాలి" అనేది ఫలితం. రెండో వాక్యం చదవగానే ప్రశ్నలు పుడతాయి. రంగుల్లోనా, నలుపు తెలుపులోనా? 500 ప్రతులు ఎవరెవరికి? 3 రోజులు ముందే ఎందుకు? ప్రశ్నలు పుట్టించే వాక్యమే మనకు కావాలి. వాటికి ఇప్పుడు జవాబు చెప్పుకోకపోతే ప్రెస్సు గుమ్మంలో నిలబడి చెప్పుకోవాల్సి వస్తుంది.

దాని కిందే "ఈ ప్రాజెక్టులో లేనివి" అని మరో శీర్షిక పెట్టండి. ఆవిష్కరణ సభ ఏర్పాట్లు, ఇంటర్నెట్ ప్రతి, రచయితలకు ప్రతులు పంపడం: ఇవి మన పనా కాదా? కాకపోతే కాదని రాయండి. ఇలా రాయడానికి మొహమాటం అడ్డొస్తుంది. పైవాళ్ల ముందు "ఇది మేం చేయం" అనడానికి ఎవరికీ నోరు రాదు. కానీ రాయని ప్రతి అంశమూ చివరి వారంలో ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది, ఆ మనిషి సాధారణంగా సమన్వయకర్తే అవుతారు.

ఇంకో నిర్ణయం కూడా ఇప్పుడే జరగాలి. గడువు, ఖర్చు, పరిధి అనే మూడింటిలో ఇబ్బంది వస్తే ఏది వంగుతుంది? వార్షికోత్సవం తేదీ మారదు. ఖర్చుకు పరిమితి ఉంది. కాబట్టి వంగాల్సింది పేజీల సంఖ్యే. పుస్తకం పేజీలు చాలా ప్రెస్సుల్లో 16 చొప్పున ఒక ఫారంగా అచ్చుకు వెళ్తాయి కనుక, వంగడమంటే 64 నుంచి 48కి దిగడమే, 60కి కాదు. ఈ ఒక్క మాట ముందే అనుకుంటే తర్వాత జరగబోయే పెద్ద వాదన తప్పుతుంది.

2. పనులను విడగొట్టడం

జాబితా రాయమంటే చాలామంది గుర్తొచ్చిన క్రమంలో రాస్తారు. రచయితలతో మాట్లాడాలి, కాగితం చూడాలి, ఫొటోలు... ఇలా సాగే జాబితాలో గుర్తురానివి ఎప్పటికీ చేరవు. అందుకని క్రియలతో కాక నామవాచకాలతో మొదలుపెట్టండి. చివరికి మన చేతిలో ఏ ఏ వస్తువులు ఉండాలి? అచ్చుకు సిద్ధమైన వ్యాసాలు, వివరణలతో ఫొటోలు, ముఖచిత్రం, కూర్చిన పేజీలు, అచ్చైన ప్రతులు, పంపిణీ జాబితా. ఈ ఆరింటిలో ఒక్కోదాని కింద "ఇది చేతికి రావాలంటే ఏం జరగాలి?" అని అడుగుతూ పోతే పనులు వాటంతటవే బయటపడతాయి. పనుల వృక్షం అనే ఈ పద్ధతి అమెరికా రక్షణ ప్రాజెక్టుల్లో రూపు దిద్దుకుంది. 1962లో అక్కడి రక్షణ శాఖ, నాసా కలిసి తెచ్చిన మార్గదర్శకంలో చోటు సంపాదించుకుని, 1968లో సైనిక ప్రమాణంగా మారింది. ఏళ్ల తరబడి సాగే వాటి నిర్మాణాలకు పనికొచ్చింది మన 64 పేజీలకు బరువేమీ కాదు. ఒక కాగితం చాలు.

వృక్షం సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. కొమ్మ కింద రాసిన పనులన్నీ పూర్తయితే ఆ కొమ్మ పూర్తయినట్టేనా? "దాదాపు" అనిపిస్తే ఏదో తప్పిపోయింది. తప్పిపోయేవి కూడా ఎప్పుడూ ఒకే జాతివే: అనుమతులు, ఎదురుచూపులు, సవరణలు. "సందేశం రాయించడం" అని పెట్టుకుంటాం. అధ్యక్షుడి సందేశం ముసాయిదా ఎవరు రాస్తారు, దాన్ని ఆయన ఎన్ని రోజులకు చూస్తారు, మార్పులు చెబితే ఎవరు సరిచేస్తారు అన్నవి జాబితాకు ఎక్కవు. నిజానికి ఆ సందేశంలో రాత ఒక గంట పని. మిగతా పది రోజులూ అది ఎవరి బల్ల మీదో పడి ఉండే కాలమే. ఆ పడి ఉండే కాలం కూడా ప్రణాళికలో భాగమే.

ఎంత చిన్న ముక్కలుగా విడగొట్టాలి? 8 గంటల కంటే చిన్నది వద్దు, 80 గంటల కంటే పెద్దది వద్దు అని ఒక పాత లెక్క ప్రచారంలో ఉంది. నన్నడిగితే ఇంకా సులువైన కొలత చెబుతాను: బృందం వారానికోసారి కలుస్తుంటే ఏ పనీ ఒక వారాన్ని మించకూడదు. అప్పుడు వరుసగా రెండు సమావేశాల్లో "జరుగుతోంది" అనే జవాబు వినాల్సిన అవసరం ఉండదు. మరీ గంటల ముక్కలు చేస్తే పని చేసే మనిషికి ఊపిరాడదు, మీకు జాబితా నిర్వహణే ఒక ఉద్యోగమవుతుంది.

3. "అయిపోయింది" అంటే ఏమిటో రాయండి

ఫొటోల బాధ్యుడు "ఫొటోలు అయిపోయాయండీ" అన్నారు. డిజైనర్ తెరిచి చూస్తే ఫోనుతో తీసిన పాత ఫొటోల ఫొటోలు, ఫైలు పేర్లు వరుస అంకెలు, ఫొటోలో ఎవరున్నారో రాసి లేదు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో సేకరణే పని, అది అయిపోయింది. జాబితాలో "ఫొటోలు" అని ఒక్క మాటే ఉంది మరి.

అదే పని ఇలా రాసి ఉంటే ఎలా ఉండేదో చూడండి.

పని: పాత ఫొటోల్లోంచి 40 ఎంచి డిజైనర్‌కు అందించడం.
పూర్తయినట్టు గుర్తు: అచ్చయ్యే పరిమాణంలో 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) తగ్గకుండా స్కాన్ చేయాలి, ప్రతి ఫైలుకూ సంవత్సరంతో మొదలయ్యే పేరు ఉండాలి, ఒక పట్టికలో ఎడమ నుంచి కుడికి వ్యక్తుల పేర్లు ఉండాలి, ఇతరుల దగ్గర తీసుకున్న ఫొటోలకు రాతపూర్వక అనుమతి ఉండాలి.
బాధ్యత: ఫొటోల బాధ్యుడు.
ఎవరి నుంచి ఏం రావాలి: ఏ వ్యాసానికి ఎన్ని ఫొటోలు కావాలో సంపాదకురాలి నుంచి.
ఎవరికి అందాలి: డిజైనర్‌కు.
సరిగ్గా ఉందని చెప్పేది: డిజైనర్.
గడువు: 15వ రోజు సాయంత్రం.

చివరి నుంచి రెండో వరుస చాలా ప్రణాళికల్లో కనబడదు. పని పూర్తయిందని ప్రకటించే హక్కు చేసినవారికి కాక, దాన్ని అందుకుని వాడబోయేవారికి ఇవ్వండి. ఈ ఒక్క మార్పుతో సగం గొడవలు తగ్గుతాయి. అందుకునే మనిషి కూడా "నాకు ఏ రూపంలో కావాలి" అని ముందే నోరు విప్పాల్సి వస్తుంది. పని అయ్యాక పెదవి విరిచే అవకాశం ఉండదు.

ప్రతి పనికీ ఇంత రాయాలా? అక్కర్లేదు. ఒకే మనిషి మొదలుపెట్టి ఆ మనిషే వాడుకునే పనికి ఒక్క వరుస చాలు. చేతులు మారే ప్రతి పనికీ మాత్రం ఇది ఉండాల్సిందే.

4. ఏది ముందు, ఏది వెనుక

ఒక్కో పనిని ఒక్కో చీటీ మీద రాసి గోడకు అంటించండి. క్రమం పేర్చేటప్పుడు మొదటి నుంచి కాక చివరి నుంచి వెనక్కి నడవండి. ప్రతులు చేతికి రావాలంటే అంతకుముందు ఏమేమి సిద్ధంగా ఉండాలి? సరిచూసిన పేజీలు, ముఖచిత్రం. సరిచూసిన పేజీలు కావాలంటే? కూర్చిన పేజీలు, ప్రూఫులు చదివే మనిషి. ముందు నుంచి వెళ్తే "తర్వాత ఏం చేద్దాం" అని ఆలోచిస్తాం. వెనక నుంచి వెళ్తే "ఇది లేకపోతే ఆగిపోతుంది" అన్నవి కంటపడతాయి.

ప్రతి బాణం దగ్గరా ఆగి ఇది నిజమైన ఆధారమా, అలవాటా అని అడగండి. దిద్దుబాటు మొదలవడానికి అన్ని వ్యాసాలూ రావాల్సిన పని లేదు, వచ్చినవి వచ్చినట్టు దిద్దవచ్చు. అలవాటు కొద్దీ గీసిన బాణమది. పేజీల కూర్పుకు మాత్రం పేజీ కొలతలు ఖాయం కావాల్సిందే, అది నిజమైన ఆధారం.

నిజమైన ఆధారాన్ని లెక్కచేయకపోతే ఏమవుతుందో సిడ్నీ ఒపేరా హౌస్ చెబుతుంది. గుల్లల ఆకారంలో ఉండే పైకప్పును ఎలా నిలబెట్టాలో తేలకముందే 1959లో కింది వేదిక నిర్మాణం మొదలుపెట్టారు. తీరా పైకప్పు రూపం ఖరారయ్యాక వేదిక స్తంభాలు ఆ బరువు మోయలేవని తేలి వాటిని మళ్లీ కట్టాల్సి వచ్చింది. 1963లో 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లతో పూర్తవుతుందనుకున్న భవనం, 1973లో 10 కోట్ల 20 లక్షల డాలర్ల ఖర్చుతో తెరుచుకుంది. ఆలస్యానికి రాజకీయాలతో సహా ఇతర కారణాలూ ఉన్నాయి. కానీ త్వరగా మొదలుపెట్టాలన్న తొందర త్వరగా ముగించడానికి పనికిరాలేదన్నది స్పష్టం.

5. ఎన్ని రోజులు పడుతుంది?

ఇక్కడ మనుషులందరిదీ ఒకే బలహీనత. దానికి 1979లో డేనియల్ కానమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రణాళికా భ్రమ అని పేరు పెట్టారు. గతంలో ఆలస్యమైన పనులు ఎన్ని గుర్తున్నా, ఈసారి మాత్రం సాఫీగా సాగుతుందని నమ్మడం దాని లక్షణం. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో, పరిశోధన వ్యాసం రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజులు పడుతుందని అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని రోజులని అడిగితే 49 లోపే చెప్పారు. నిజానికి పట్టింది 55 రోజుల పైనే. అంటే మన నిరాశావాదం కూడా కాస్త ఆశావాదమే.

మందు ఏమిటంటే, ముందుగా చరిత్ర అడగండి. "ఎన్ని రోజులు పడుతుంది?" అని కాదు, "పోయినసారి ఎన్ని రోజులు పట్టింది?" అని. పోల్చదగిన పాత పని లేకపోతే మూడు అంకెలు అడగండి: అంతా కలిసివస్తే, మామూలుగా, అంతా ఎదురుతిరిగితే. మామూలు అంకెను నాలుగుతో హెచ్చించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించండి. వ్యాసాలు చేతికి రావడానికి 14, 21, 40 రోజులు అన్నారనుకుందాం. 14, 84, 40 కలిపితే 138. ఆరుతో భాగిస్తే 23. పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం 1958లో అమెరికా నౌకాదళం తయారుచేసిన పెర్ట్ పద్ధతిలోని సూత్రమిది. 23 అనే అంకె కంటే విలువైనది 40 అన్న జవాబు. "ఎందుకు 40?" అని అడిగితే "ఇద్దరు రచయితలు ఎప్పుడూ ఆలస్యం చేస్తారు" అని బయటకు వస్తుంది. అప్పుడు ఆ ఇద్దరికీ వేరే గడువు చెప్పవచ్చు.

అంచనా వేయాల్సింది పని చేసేవారే. పైనుంచి అంకె వేసి కింద సంతకం పెట్టించుకుంటే అది అంచనా కాదు, ఆదేశం. ఇంకా ఒక జాగ్రత్త: శ్రమ వేరు, కాలం వేరు. ఒక వ్యాసం దిద్దడం మూడు గంటల శ్రమ కావచ్చు. సంపాదకురాలికి ఈ సంచిక కోసం రోజుకు గంటే దొరికితే అది మూడు రోజుల కాలం. క్యాలెండరులో రాయాల్సింది రెండోది.

6. ఏ ఆలస్యం అసలైన ఆలస్యం

మన సంచికలో ప్రధాన పనులు, రోజులు ఇవి: రచయితల ఎంపిక, ఆహ్వానాలు 4, వ్యాసాలు రావడం 23, దిద్దుబాటు 8, పేజీల కూర్పు 6, ప్రూఫులు, సవరణలు 5, ముద్రణ, బైండింగ్ 9. ఇవన్నీ ఒకదాని వెనుక ఒకటి నడవాలి కనుక మొత్తం 55 రోజులు. ఫొటోల పని 15 రోజులు, ముఖచిత్రం 10 రోజులు. ఇవి పక్కన సమాంతరంగా నడుస్తాయి.

కూర్పు మొదలయ్యేది 35వ రోజు ముగిశాక. ఫొటోలు 15వ రోజుకే సిద్ధమవుతాయి. అంటే ఫొటోలకు 20 రోజుల వెసులుబాటు ఉంది. ముఖచిత్రం 46వ రోజుకు అందితే చాలు, దానికి 36 రోజుల వెసులుబాటు. వ్యాసాలకు వెసులుబాటు సున్నా, అవి ఒక రోజు జారితే సంచిక ఒక రోజు జారుతుంది. ఇలా వెసులుబాటు లేని పనుల గొలుసును కీలక మార్గం అంటారు. 1957లో డ్యూపాంట్ సంస్థ తన రసాయన కర్మాగారాల పనుల కోసం చేయించిన లెక్కల్లోంచి వచ్చింది ఈ పద్ధతి.

ఈ లెక్క చేతిలో ఉంటే మీ ఆందోళనకు ఒక దిక్కు ఏర్పడుతుంది. ముఖచిత్రం రంగు గురించి సమావేశంలో గంటసేపు వాదించుకోవడం ఎంత సరదాగా ఉన్నా, దానికి నెల రోజులకు పైగా సమయం ఉంది. అదే గంట రచయితలకు ఫోన్లు చేయడానికి వాడండి. గడువు దగ్గరపడితే కుదించాల్సింది కూడా ఈ గొలుసునే. వచ్చిన వ్యాసాలను వచ్చినట్టే దిద్దితే చివరి వ్యాసం అందేసరికి సగం దిద్దుబాటు అయిపోయి 4 రోజుల పని మాత్రమే మిగులుతుంది. మొత్తం 51 రోజులకు దిగుతుంది. ఫొటోల పని సగం రోజుల్లో ముగించినా ఒక్క రోజూ మిగలదు.

మిగిలిన ఆ 4 రోజులను మళ్లీ పనులకు పంచకండి. ప్రాజెక్టు చివర ఒకే అత్యవసర నిధిగా ఉంచి, తాళం సమన్వయకర్త దగ్గర పెట్టండి. ప్రతి పనికీ విడిగా అదనపు రోజులిస్తే అవి పనిలోనే కరిగిపోతాయి.

7. ఒక్క పనికి ఒక్క పేరు

"ఇది మనందరి బాధ్యత" అన్న మాట వినడానికి బాగుంటుంది. అలా అన్న పని జరిగితే ఆశ్చర్యపోవాలి. 1968లో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. ఆపదలో ఉన్న మనిషి గొంతు తాము ఒక్కరమే వింటున్నామని అనుకున్నవారు ఎక్కువగా, త్వరగా సాయానికి కదిలారు. ఇంకొందరు కూడా వింటున్నారని తెలిసినవారు జాప్యం చేశారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడే బాధ్యత ఇలా పలచబడితే పంపిణీ జాబితా సంగతి చెప్పేదేముంది? కాగల కార్యం గంధర్వులే తీరుస్తారని అందరూ ఊరుకుంటారు.

అందుకే ప్రతి పని పక్కనా ఒక్క పేరు. రెండు పేర్లు రాయాలనిపిస్తే ఆ పనిని రెండు ముక్కలు చేయండి. "డిజైన్ విభాగం" అని రాయకండి. ఫోను చేస్తే ఎత్తేది విభాగం కాదు, మనిషి.

పేరు ఒక్కటే అయినా చేతులు చాలా కలుస్తాయి. వాటిని విడదీయడానికి రేసీ పట్టిక వాడతారు: అడ్డ వరుసల్లో పనులు, నిలువు వరుసల్లో మనుషులు, గడుల్లో ఆ మనిషి పాత్ర. అందులో నాలుగు పాత్రలు: పని చేసేవారు, దానికి జవాబుదారు, ముందుగా సలహా అడగాల్సినవారు, తర్వాత సమాచారం అందుకోవాల్సినవారు. ప్రూఫుల పనిలో చదివేది బయటి ప్రూఫ్ రీడర్, జవాబుదారు సంపాదకురాలు, సలహా అడగాల్సింది వ్యాస రచయితలను, సమాచారం అందాల్సింది ముద్రణ చూసే మనిషికి. ఒక్కో పనికి జవాబుదారు ఎప్పుడూ ఒక్కరే ఉండాలి.

పట్టిక నింపాక అడ్డంగానూ నిలువుగానూ చదవండి. ఒక వరుసలో సలహాదారులు ఐదుగురు ఉంటే ఆ పని సాగదు. ముగ్గురిని సమాచారం అందుకునే పాత్రలోకి మార్చండి, నొచ్చుకున్నా సరే. ఒక నిలువు వరుస నిండా జవాబుదారు గుర్తులే ఉంటే ఆ మనిషి జ్వరంతో మంచం పట్టిన రోజున ప్రాజెక్టు కూడా మంచం పడుతుంది. అందరి అభిప్రాయమూ అడిగితే గౌరవించినట్టని మనం అనుకుంటాం. ఆఖరి మాట ఎవరిదో చెప్పకుండా అభిప్రాయం అడగడం గౌరవం కాదు, గొడవకు పిలుపు.

బాధ్యతతో పాటు అధికారం కూడా ఇచ్చారా అని చూసుకోండి. ముద్రణకు జవాబుదారు అయిన మనిషి కాగితం రకం మార్చాలంటే ముగ్గురి సంతకాలు కావాలా? అయితే జవాబుదారు ఆయన కాదు, ఆ ముగ్గురు. ఎంత ఖర్చు వరకు, ఏ ఏ విషయాల్లో అడగకుండా నిర్ణయం తీసుకోవచ్చో పేరు పక్కనే రాయండి.

చివరగా, పేరు రాసేముందు ఆ మనిషిని అడగండి. సమావేశానికి రాని వారికి పని అంటగట్టడం లోకంలో ఉన్నదే. అలా అంటగట్టిన పని వాళ్లకు మీ ఈమెయిల్‌లో ఏడో పేరాలో కనబడుతుంది, లేదా కనబడదు.

8. అప్పగింతలు: తెగే చోటు

1999 సెప్టెంబరులో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి చెంతకు చేరి నాశనమైంది. భూమ్మీది సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం థ్రస్టర్ల (నౌకను నెట్టే చిన్న ఇంజన్ల) ప్రభావాన్ని పౌండ్ల లెక్కలో ఇచ్చింది. దాన్ని అందుకున్న బృందం ఆ అంకెలు న్యూటన్ల లెక్కలో ఉన్నాయనుకుని కక్ష్య లెక్కవేసింది. రెండు బృందాలూ తమ తమ పని తమ దృష్టిలో సక్రమంగానే చేశాయి. తప్పు ఇద్దరి మధ్య ఉన్న ఖాళీలో జరిగింది. రెండు చోట్లా పేర్లున్నాయి, గడువులున్నాయి. ఇచ్చే అంకె ఏ కొలమానంలో ఉండాలో రాసిన పత్రం కూడా ఉంది. అందుకున్న చోట దాన్ని సరిచూడటమే జరగలేదు.

కాబట్టి గోడ మీది చీటీల మధ్య బాణం ఉన్న ప్రతిచోటా ఇచ్చేవారిని, పుచ్చుకునేవారిని పక్కపక్కన కూర్చోబెట్టండి. పది నిమిషాలు చాలు. ఏం ఇస్తారు, ఏ రూపంలో, ఎక్కడ పెడతారు, పెట్టినట్టు ఎలా తెలియజేస్తారు, తప్పుంటే ఎన్ని రోజుల్లో వెనక్కి చెప్పాలి: ఈ ఐదూ తేలాలి. వీలైతే అసలు పని కంటే ముందే ఒక నమూనా చేతులు మార్చండి. 40 ఫొటోలు స్కాన్ చేయకముందే రెండు ఫొటోలు, రెండు వివరణలు డిజైనర్‌కు పంపి చూడండి. రెండింటిలో దొరికే తప్పు నలభైలో దొరికితే ఎంత ఖరీదో చెప్పనక్కర్లేదు.

అందుకున్నట్టు ఒప్పుకోలు తప్పనిసరి చేయండి. పంపినవారు "పంపాను" అంటే పని మారినట్టు కాదు. అందుకున్నవారు "తెరిచి చూశాను, సరిపోయింది" అంటేనే మారినట్టు. అప్పటిదాకా గడువు పంపినవారిదే. దీనికి మొదట్లో కాస్త చిరాకు పడతారు. రెండు వారాల్లో అలవాటైపోతుంది.

బృందం పెరిగేకొద్దీ ఈ దారాలు ఎలా పెరుగుతాయో ఒక్కసారి లెక్క చూడండి. ఐదుగురి మధ్య జతలు 10. పదిమంది మధ్య 45. మనుషులు రెట్టింపైతే మాటల దారులు నాలుగు రెట్లు దాటాయి. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషులను కలిపితే అది మరింత ఆలస్యమవుతుందని 1975లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ అన్నది ఈ కారణంగానే: కొత్తవారికి నేర్పే సమయం పాతవారిదే, పెరిగిన దారాలు అందరివీ. చివరి వారంలో సాయానికి మనుషులు వస్తామంటే, ఎవరితోనూ ముడిపడని పని మాత్రమే ఇవ్వండి. కవర్ల మీద చిరునామాలు రాయడానికి కొత్తవారు చాలు, పేజీలు దిద్దడానికి కాదు.

9. మొదలుపెట్టే ముందు ఓడిపోయి చూడండి

ప్రణాళిక సిద్ధమయ్యాక ఒక అరగంట కేటాయించండి. "సంచిక అనుకున్న రోజుకు రాలేదు, ఘోరంగా విఫలమయ్యాం. ఎందుకు?" అని ప్రతి ఒక్కరూ ఎవరితోనూ మాట్లాడకుండా కాగితం మీద కారణాలు రాయాలి. మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లెయిన్ 2007లో రాసిన వ్యాసంతో ఈ పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది. "ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగితే ఎవరూ మాట్లాడరు, అపశకునం పలికినట్టవుతుందని. ఓటమి జరిగిపోయిందనుకుంటే నోళ్లు తెరుచుకుంటాయి. వచ్చిన కారణాల్లో పెద్దవి నాలుగైదు ఎంచి, ఒక్కోదానికి ఒక పని, ఒక పేరు కలపండి. పేరు కలపని ముప్పు ముప్పుగానే ఉంటుంది.

10. వారం వారం చూసుకోవడం

పరికరం ఏదైనా ఫరవాలేదు. గోడ మీద చీటీలు, పంచుకునే పట్టిక, ఏదైనా యాప్. అందరికీ కనబడాలి, ఒక్క చోటే ఉండాలి. రెండు చోట్ల ఉన్న జాబితా అంటే రెండు తప్పుడు జాబితాలు.

సమావేశంలో "ఎంత శాతం అయింది?" అని అడగకండి. ఏ పనైనా 90 శాతానికి చకచకా చేరి, అక్కడే వారాల తరబడి కాపురం పెడుతుంది. రెండే జవాబులు ఒప్పుకోండి: అయింది, కాలేదు. కాకపోతే ఎప్పటికవుతుంది, ఏం అడ్డుపడింది, ఎవరి కోసం ఎదురుచూస్తున్నారు అని అడగండి. ఎదురుచూస్తున్నది ఇదే గదిలో ఉన్న మనిషి కోసమే అని తేలడం తరచూ జరిగేదే.

ఆలస్యం గురించి ముందే చెప్పినవారిని మందలించకండి. ఒక్కసారి మందలిస్తే చాలు, మరుసటి వారం నుంచి మీకు మంచి వార్తలే వస్తాయి, ఆఖరి రోజు దాకా. ఎన్ని రోజుల జాప్యమైతే వెంటనే చెప్పాలో నియమంగా పెట్టుకోండి. కీలక మార్గంలోని పనికి ఒక్క రోజు, మిగతా వాటికి ఉన్న వెసులుబాటులో సగం అని నేనైతే పెడతాను.

మార్పులు వస్తాయి. "ఇంకో 8 పేజీలు కలపండి" అని పైనుంచి కబురొస్తే కాదనకండి, వెంటనే ఔననకండి. 8 పేజీలంటే సగం ఫారం, ఇన్ని రోజులు, ఇంత ఖర్చు, ఇంతమంది పని మీద ప్రభావం అని ఒక పేజీలో రాసి, మొదటి రోజే "ఏది వంగుతుంది" అన్నది తేల్చిన మనిషి ముందు పెట్టండి. నిర్ణయం వారిది. నిర్ణయమయ్యాక పట్టిక, క్యాలెండరు, పేర్లు అదే రోజు సవరించాలి.

మధ్యలో ఎవరైనా తప్పుకుంటే వారి పనుల జాబితా ఒక్కటే తీసుకుంటే సరిపోదు. ఎవరికి ఏం మాటిచ్చారు, ఎవరి నుంచి ఏం రావాలి, ఏ ఫైలు ఎక్కడుంది, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు అన్నవి రాయించి, కొత్త మనిషి, పాత మనిషి, ఆ పని అందుకోబోయేవారు ముగ్గురూ కలిసి ఒకసారి చదవాలి.

11. ముగింపు పనులకూ పేర్లు రాయండి

ప్రతులు కార్యాలయానికి చేరగానే బృందం చెదిరిపోతుంది. అప్పటికి ఇంకా మిగిలి ఉండేవి: ప్రెస్సు బిల్లు, అరువు తెచ్చిన ఫొటోలు యజమానులకు తిరిగివ్వడం, రచయితలకు ప్రతులు, అచ్చుకు వెళ్లిన తుది ఫైళ్లను ఒక చోట భద్రపరచడం, ఏ పనికి ఎన్ని రోజులు అనుకున్నాం, ఎన్ని పట్టాయి అన్న పట్టిక. వీటిని మొదటి రోజే వృక్షంలో ఒక కొమ్మగా చేర్చి, పేరు, గడువు పెట్టండి. తిరిగి రాని పాత ఫొటో కోసం ఎవరైనా ఫోను చేసేనాటికి, దాన్ని తెచ్చిందెవరో కార్యాలయంలో ఎవరికీ గుర్తుండదు. అనుకున్న రోజులు, పట్టిన రోజుల పట్టికను మాత్రం ముద్రణ ముగిసిన వారంలోనే నింపించండి. తర్వాతి సంచికకు అంచనా వేసేవారు "పోయినసారి ఎన్ని రోజులు పట్టింది?" అని అడిగితే తెరవాల్సిన ఫైలు అదే.